ఒకటో తరగతికి ముందు...

ఒకటో తరగతిలో చేరేనాటికి పిల్లలకు ఏమేం వచ్చి ఉండాలి?

ఈ ప్రశ్న ఏ ఇంట్లో అడిగినా జవాబు చకచకా వచ్చేస్తుంది. ఏబీసీడీలు, అఆలు, వందదాకా అంకెలు, రెండో ఎక్కం, ఓ అరడజను రైమ్స్, వారాల పేర్లు, వీలైతే నెలల పేర్లు కూడా. కాస్త పేరున్న స్కూలు మీద కన్నేసిన ఇల్లయితే జాబితా ఇంకొంచెం పొడుగ్గా ఉంటుంది.

అదే ప్రశ్న ఏళ్ల తరబడి చిన్నపిల్లల మధ్య గడిపిన టీచరమ్మని అడిగి చూడండి. ఆవిడ చెప్పే జాబితా వేరు. బాత్‌రూమ్‌కి వెళ్లాలంటే నోరు తెరిచి చెప్పగలగాలి. నిక్కరు గుండీ తనే పెట్టుకోవాలి. టిఫిన్ డబ్బా మూత తీసుకోగలగాలి. పక్కపిల్లాడి చేతిలో బొమ్మ కావాలంటే లాక్కోకుండా అడగాలి, ఇవ్వకపోతే తన వంతు వచ్చేదాకా ఆగాలి. పది నిమిషాల కథని కుదురుగా వినాలి. అమ్మ కానివాళ్లతో కూడా మాట్లాడాలి.

మొదటి జాబితాలో ఉన్నవి ఒకటో తరగతిలో ఎలాగూ నేర్పేవే. రెండో జాబితాలో ఉన్నవి లేకపోతే ఒకటో తరగతిలో ఏదీ నేర్చుకోలేరు. కిండర్‌గార్టెన్ పుట్టింది ఈ రెండో జాబితా కోసం. ఒకటో తరగతి పాఠాలు ఏడాది ముందే చెప్పేయడం కోసం కాదు. ఈ చిన్న తేడా తెలియకే చాలామంది పిల్లలు అయిదేళ్లకే బడి అంటే మొహం మాడ్చుకుంటున్నారు.

కేజీ అంటే తోట

ఎల్‌కేజీ, యూకేజీ అని రోజూ అంటూనే ఉంటాం. ఆ చివరి ‘జీ’లో ఓ తోట దాగి ఉంది. జర్మన్ భాషలో కిండర్ అంటే పిల్లలు, గార్టెన్ అంటే తోట. ఆ పేరు పెట్టినాయన ఫ్రెడరిక్ ఫ్రోబెల్. 1782లో పుట్టాడు. తొమ్మిది నెలల వయసులోనే తల్లిని పోగొట్టుకున్నాడు. 1837లో బాడ్ బ్లాంకెన్‌బర్గ్ అనే చిన్న ఊళ్లో పసిపిల్లల కోసం ఓ బడి మొదలుపెట్టి, 1840లో దానికి కిండర్‌గార్టెన్ అని పేరు పెట్టాడు.

ఆ బడిలో పిల్లల చేతికి మొదట ఇచ్చింది పుస్తకం కాదు, రంగురంగుల ఊలు బంతులు. తర్వాత చెక్కతో చేసిన గుండు, స్తూపం, ఘనం. ఆ తర్వాత విడదీసి మళ్లీ పేర్చుకునే చిన్నచిన్న చెక్కముక్కలు. పాటలు, ఆటలు సరేసరి. నిజంగానే ఓ తోట కూడా ఉండేది. అందులో పిల్లలకి తలా ఒక మడి. విత్తు నాటాక మొలక వచ్చేదాకా ఆగడం ఎలాగో ఆ మడే నేర్పేది.

ఇలాంటి బడిని చూసి కూడా భయపడ్డవాళ్లున్నారు. 1851లో ప్రష్యా ప్రభుత్వం కిండర్‌గార్టెన్లను నిషేధించింది. ఆ మరుసటేడే ఫ్రోబెల్ కన్నుమూశాడు. 1860లో నిషేధం తొలగిపోయింది. ఈలోపే, 1856లో, ఆయన పద్ధతి అమెరికాలోని విస్కాన్సిన్ దాకా చేరిపోయింది.

ఇప్పుడు మన దగ్గర కేజీ అంటే తోట కన్నా బరువే ముందు గుర్తొస్తుంది. కేంద్రం 2020లో తెచ్చిన స్కూలు బ్యాగు విధానం చూడండి. ఒకటి, రెండు తరగతుల పిల్లలకు పుస్తకాల సంచీ 1.6 నుంచి 2.2 కిలోలు దాటకూడదని అందులో ఉంది. మరి కేజీ పిల్లలకో? అసలు సంచీయే వద్దంది!

ఎముక గట్టిపడకుండానే...

మూడేళ్ల పిల్ల చేత నాలుగు గీతల పుస్తకం నింపించే ముందు ఆ పిల్ల చెయ్యి ఒకసారి చూడాలి. పెద్దల మణికట్టులో 8 చిన్న ఎముకలుంటాయి. పుట్టినప్పుడు అవేవీ గట్టి ఎముకలు కావు, మెత్తటి మృదులాస్థి మాత్రమే. ఒక్కొక్కటే నెమ్మదిగా గట్టిపడుతూ వస్తుంది. ఇంచుమించు ఆరేళ్లు వచ్చేసరికి ఏడు ఎముకలు ఎక్స్‌రేలో కనిపిస్తాయి. ఎనిమిదోది కనిపించాలంటే ఎనిమిదేళ్లయినా దాటాలి. ఎదుగుదల ఎంతవరకు వచ్చిందో తెలుసుకోవడానికి డాక్టర్లు చేతి ఎక్స్‌రే తీయించేది ఇందుకే.

ఎముకలే కాదు, వేళ్ల కండరాలూ, కంటికీ చేతికీ కుదరాల్సిన జతా అప్పుడప్పుడే తయారవుతుంటాయి. అలాంటి చేతికి పెన్సిల్ ఇచ్చి పేజీలకు పేజీలు రాయిస్తే పిల్లలు పిడికిలితో పట్టుకుంటారు, కాగితం చిరిగేలా నొక్కుతారు. కాసేపటికి ‘చెయ్యి నొప్పి’ అంటారు. పెద్దలు దాన్ని బద్ధకం అనుకుంటారు.

మరి ఆ చెయ్యి రాతకు తయారయ్యేదెలా? మట్టి పిసకాలి. చపాతీ పిండితో బొమ్మలు చేయాలి. చిక్కుడుకాయలు ఒలవాలి. పూసలు దారానికి గుచ్చాలి. కాగితం చింపాలి, అతకాలి, మడిచి పడవ చేయాలి. చేతిని రాతకు తయారుచేసేవి ఈ పనులే. కానీ హోంవర్క్ పుస్తకంలో టిక్కు పడదు కాబట్టి వీటిని చదువు కింద ఎవరూ లెక్కేయరు.

మన వీధిబడి పంతుళ్లకు ఈ సంగతి ఎక్స్‌రే లేకుండానే తెలుసు. పిల్లల చేత ముందు ఇసుకలో వేలితో దిద్దించేవారు. పెద్ద అక్షరం రాసి దాని మీద చింతపిక్కలు పేర్పించేవారు. పలకా బలపం ఆ తర్వాత. తెలుగు లిపిలో అన్నీ వంపులే. తాటాకు మీద గంటంతో గీత లాగితే ఆకు చీలుతుందని మన అక్షరాలు గుండ్రంగా తిరిగాయని అంటారు. అ, ఇ, ఈ... వర్ణమాలలో ముందొచ్చే అక్షరాలే రాయడానికి కష్టమైనవి. ర, గ, ట లాంటివి వాటికన్నా తేలిక. ముందు తేలికవి దిద్దించి, మెలికలున్నవి తర్వాత పట్టుకుంటే పిల్లలకు సగం కష్టం తగ్గుతుంది.

చెవి ముందు... కన్ను తర్వాత

రాతకు చెయ్యి ఎంతో, చదవడానికి చెవి అంత. కమలం, కడవ, కత్తి... ఈ మూడూ ఒకే చప్పుడుతో మొదలవుతున్నాయని చెవికి తెలిసిన పిల్లకి ‘క’ అక్షరం చూపిస్తే ఇట్టే పట్టుకుంటుంది. చెవికి తెలియని పిల్లకి ఆ అక్షరం ఒక బొమ్మ. గుర్తుపెట్టుకుంటుంది, రేపటికి మర్చిపోతుంది. తెలుగులో ఒక్కో అక్షరం ఇంచుమించు ఒక్కో పలుకు. ‘మా-మి-డి’ అంటూ మూడు చప్పట్లు కొట్టించే ఆట ఆడితే చాలు, పదాన్ని విడగొట్టడం వచ్చేస్తుంది. రేపు గుణింతం దగ్గర ఇదే అక్కరకొస్తుంది.

ఇక మాట. కథలు విన్న పిల్లలకు, ఎదురు ప్రశ్నలు వేయనిచ్చిన ఇంట్లో పెరిగిన పిల్లలకు బోలెడన్ని మాటలు తెలిసి ఉంటాయి. ఆ మాటలు ఏ భాషవి అన్నది ముఖ్యం కాదు, ఇంట్లో మాట్లాడే భాష అయితే చాలు. గోండి, కోయ, సవర మాట్లాడే గూడేల్లో, లంబాడీ తండాల్లో పుట్టిన పిల్లలకు ఒకటో తరగతిలో తెలుగు కూడా కొత్త భాషే. ఈ ఇబ్బంది గమనించే ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2004లో ఎనిమిది గిరిజన భాషల్లో చదువు మొదలుపెట్టే కార్యక్రమం చేపట్టారు. తెలిసిన భాషలో మొదలుపెట్టి తెలుగులోకి నడిపించడం దాని ఉద్దేశం. తెలుగింటి పిల్లని మొదటిరోజే ఇంగ్లిషులో తప్ప నోరెత్తొద్దనే చోట జరిగేది సరిగ్గా దీనికి వ్యతిరేకం. బాత్‌రూమ్‌కి వెళ్లాలని ఇంగ్లిషులో చెప్పడం రాక బట్టలు తడుపుకున్న పిల్ల ఆ రోజు ఏ పాఠం నేర్చుకున్నట్టు?

వంద లెక్క... ఏడు పిక్కలు

వందదాకా గడగడా అంకెలు అప్పజెప్పే చిన్నారి ముందు చింతపిక్కలు కుప్పపోసి ఏడు ఇమ్మనండి. చాలాసార్లు గుప్పెడు తీసి చేతిలో పెట్టేస్తారు. అంకెల వరస రావడం వేరు, ‘ఏడు’ అంటే ఎంతో తెలియడం వేరు. మొదటిది పాట లాంటిది. లెక్కలు మొదలయ్యేది రెండోదాంతో.

ఇంట్లో చేసి చూడదగ్గ ఇంకో సరదా ఉంది. ఒకేలాంటి రెండు గ్లాసుల్లో సమానంగా పాలు పోయండి. ఒక గ్లాసులోవి పిల్లల కళ్లముందే సన్నటి పొడవాటి గ్లాసులోకి వంచండి. ఇప్పుడెందులో ఎక్కువున్నాయి? నాలుగైదేళ్ల పిల్లలు ఎక్కువగా పొడవాటి గ్లాసే చూపిస్తారు. స్విట్జర్లాండ్ శాస్త్రవేత్త జీన్ పియాజే ఇలాంటి పరీక్షలతోనే, ఏడేళ్లు వచ్చేదాకా పిల్లలు లోకాన్ని మనలా చూడరని తేల్చాడు. వాళ్లకు తెలివి తక్కువై కాదు, ఆ మెట్టు ఇంకా రాలేదంతే. వామనగుంటలు, అచ్చంగిల్లాలు ఆడినప్పుడు పిక్కలు పంచడం, పట్టడం, పోగొట్టుకోవడం ఉంటాయి కదా... ఆ మెట్టు దగ్గరికి తీసుకెళ్లేది అలాంటి ఆటలే.

మీసాల అమ్మ, ముంగిట్లో బడి

ఇదంతా విదేశీ సరుకు అనుకోనక్కర్లేదు. గుజరాత్‌లో గిజుభాయి బధేకా అనే వకీలు ఉండేవాడు. కొడుకు పుట్టాక పిల్లల చదువు మీద ధ్యాస మళ్లి, నల్లకోటు పక్కన పెట్టేశాడు. 1920లో భావ్‌నగర్‌లో బాలమందిరం తెరిచాడు. కథలు, నాటకాలు, ఆటలు... బెత్తం మాత్రం లేదు. పిల్లలంటే ఆయనకున్న ప్రేమ చూసి అక్కడివాళ్లు ‘మీసాల అమ్మ’ అని పిలుచుకున్నారు.

ఆయనతో కలిసి పనిచేసిన తారాబాయి మోదక్ తర్వాత మహారాష్ట్రలో బోర్డీ, కోస్‌బాడ్ ప్రాంతాల్లో గిరిజన పిల్లల మధ్య పనిచేశారు. పిల్లలు బడికి రాకపోతే బడినే వాళ్ల ముంగిట్లోకి తీసుకెళ్లారు. ‘అంగన్’ అంటే ముంగిలి. అంగన్‌వాడీ అన్న మాట అలా వచ్చింది. 1975 అక్టోబరు 2న దేశంలో మొదలైన ఐసీడీఎస్ పథకం ఆ పేరును ఊరూరికీ చేర్చింది. పాలు, గుడ్లు, టీకాలతోపాటు మూడు నుంచి ఆరేళ్ల పిల్లలకు బడికి ముందటి చదువు కూడా దాని బాధ్యతల్లో ఒకటి.

చాలా ఊళ్లలో ఆ చదువు వంతు చివరికి వస్తోంది. ఒకే అంగన్‌వాడీ టీచరు పిల్లల బరువు తూచాలి, గర్భిణుల వివరాలు రాయాలి, సరుకుల లెక్క చూడాలి. 2021 నుంచి ఫోన్‌లో పోషణ్ ట్రాకర్ యాప్‌లో వివరాలు ఎక్కించే పని కూడా తోడైంది. ఇక కథ చెప్పే తీరిక ఎక్కడిది?

ఫలితం ఒకటో తరగతి గదిలో కనిపిస్తుంది. ఓ బెంచీ మీద మూడేళ్ల నుంచీ రాసిరాసి విసిగిపోయిన పిల్ల. పక్కనే, పెన్సిలే పట్టుకోని, కథే వినని పిల్ల. ఒకరిది తొందరెక్కువైన చదువు, మరొకరికి తయారీయే లేదు. టీచరు మాత్రం ఇద్దరికీ ఒకే పాఠం చెప్పాలి.

మూడు నెలల వంతెన

ఈ తేడా పూడ్చడానికే 2020 జాతీయ విద్యావిధానం మూడేళ్ల నుంచి ఎనిమిదేళ్ల వయసును ఒకే మెట్టుగా తీసుకుంది. బడికి ముందు మూడేళ్లు, ఆ తర్వాత ఒకటి, రెండు తరగతులు. ఒకటో తరగతికి ముందు ఏడాదికి ‘బాలవాటిక’ అని పేరు పెట్టింది. చూశారా, వాటిక అంటే మళ్లీ తోటే!

ఆ ఏడాది దక్కని పిల్లల కోసం 2021 జులైలో ‘విద్యాప్రవేశ్’ వచ్చింది. ఎన్‌సీఈఆర్‌టీ తయారుచేసిన మూడు నెలల కార్యక్రమమిది. ఒకటో తరగతి మొదట్లో 12 వారాలు పాఠాల కన్నా ఆటపాటలకే చోటు. దాని లక్ష్యాలు మూడే. పిల్లలు ఆరోగ్యంగా, హాయిగా ఉండాలి. మనసులో మాట చెప్పగలగాలి. చుట్టూ ఉన్నవాటిని ఆసక్తితో గమనించాలి. పరీక్షలుండవు, టీచరు చూసి తెలుసుకోవడమే. 2023 ఫిబ్రవరిలో విడుదలైన ‘జాదూయీ పిటారా’ పెట్టెలో కూడా బొమ్మలు, పజిల్స్, తోలుబొమ్మలు, కథల కార్డుల్లాంటివే ఉన్నాయి.

ఇది కాగితం మీద బాగుంది. గదిలో బాగుండాలంటే టీచరుకు తీరిక, తర్ఫీదు కావాలి. ఇంకొకటి కూడా కావాలి... ‘ఇంకా ఏమీ రాయించడం లేదేంటండీ’ అని మొదటి వారమే నిలదీయని తల్లిదండ్రులు!

చదువు రాదనే చదువు

ఇంతకీ ఒక్క ఏడాదితో అంత తేడా వస్తుందా? అమెరికాలోని మిషిగన్ రాష్ట్రం, ఇప్సిలాంటి ఊళ్లో 1962 నుంచి 1967 దాకా ఓ ప్రయోగం జరిగింది. పేద కుటుంబాలకు చెందిన 123 మంది నల్లజాతి పిల్లలను రెండు జట్లు చేశారు. ఒక జట్టుకు మూడు, నాలుగేళ్ల వయసులో మంచి ప్రీస్కూలు. టీచర్లు వారానికోసారి ఇంటికీ వెళ్లి తల్లులతో మాట్లాడేవారు. రెండో జట్టుకు అవేవీ లేవు. పెర్రీ ప్రీస్కూలు అధ్యయనంగా పేరుపడ్డ ఈ ప్రయోగంలో ఆ పిల్లలను నలభై ఏళ్ల వయసు దాటేదాకా గమనిస్తూనే ఉన్నారు.

ప్రీస్కూలు పిల్లలకు తెలివితేటల పరీక్షలో మొదట ఎక్కువ మార్కులొచ్చాయి. కొన్నేళ్లకు ఆ తేడా చెరిగిపోయింది. ప్రయోగం విఫలమైందనే అనుకోవాల్సింది. కానీ పెద్దయ్యాక చూస్తే వాళ్లలో హైస్కూలు పూర్తిచేసినవాళ్లు ఎక్కువ, సంపాదన ఎక్కువ, పోలీసు కేసుల్లో ఇరుక్కున్నవాళ్లు తక్కువ. ముందుగా నేర్చిన విషయం కరిగిపోయింది. పట్టుదల, నలుగురితో మసలుకునే తీరు మిగిలాయి. నోబెల్ గ్రహీత, ఆర్థికవేత్త జేమ్స్ హెక్‌మన్ ఏళ్ల తరబడి చెబుతున్నది దీని గురించే.

ఫిన్లాండ్ పిల్లలు ఒకటో తరగతిలో చేరేది ఏడేళ్లకు. ముందటేడు ఆటపాటల ప్రీస్కూలుకు పంపడం అక్కడ 2015 నుంచి తప్పనిసరి. తొందరపడలేదని వాళ్లేమీ వెనకబడిపోలేదు.

నాలుగేళ్ల వయసులో ‘ఘ’ రాయడం రాకపోతే వచ్చే నష్టం ఏమీ లేదు. ఏడేళ్లకు అదే వస్తుంది. కానీ ‘నాకు రాదు’, ‘నేను మొద్దుని’ అన్న మాట నాలుగేళ్లకే మనసులో పడితే, ఆ తర్వాత ఏ ట్యూషన్ మాస్టారూ దాన్ని తేలిగ్గా తీయలేరు. బడిలో పిల్లలు నేర్చుకునే మొట్టమొదటి పాఠం పుస్తకంలో ఉండదు. ఈ చోటు తనదా కాదా అన్నదే ఆ పాఠం.

ఈ ఏడాది ఇంట్లో...

* రోజూ ఒక కథ. సగంలో ఆపి ‘తర్వాత ఏమై ఉంటుంది?’ అని అడగండి. జవాబు తప్పయినా వినండి.

* చెప్పులు, గుండీలు, మంచినీళ్ల గ్లాసు... తన పని తననే చేసుకోనివ్వండి. ఆలస్యమవుతుంది, ఒలుకుతుంది. ఫర్వాలేదు.

* వంటింట్లో కందిపప్పు, పెసరపప్పు కలిపి వేరు చేయమనండి. చెంచాలు లెక్కపెట్టి అందరి కంచాల దగ్గరా పెట్టించండి.

* వంతులుండే ఆట ఒకటి ఆడండి. ప్రతిసారీ గెలిపించకండి. ఓడిపోవడం ఇంట్లో అలవాటైతే బడిలో ఏడవరు.

* పిలిస్తే పలక్కపోవడం, టీవీకి మరీ దగ్గరగా కూర్చోవడం గమనిస్తే బడికి ముందే చెవులు, కళ్లు చూపించండి. 2013లో మొదలైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం కింద వైద్య బృందాలు అంగన్‌వాడీలకు, సర్కారు బడులకు వచ్చి ఉచితంగా పరీక్షిస్తాయి.

* బడిలో చేర్చుకోవడానికి పిల్లలకు గానీ తల్లిదండ్రులకు గానీ పరీక్ష, ఇంటర్వ్యూ పెట్టడాన్ని 2009 విద్యాహక్కు చట్టం 13వ సెక్షన్ నిషేధించింది. మొదటిసారికి 25 వేలు, ఆ తర్వాత ప్రతిసారికీ 50 వేల రూపాయల దాకా జరిమానా ఉంది.

* సాయంత్రం బడి నుంచి రాగానే ‘ఇవాళ ఏం రాశావ్?’ అనడానికి బదులు ‘ఇవాళ ఎవరితో ఆడావ్?’ అని అడగండి. జవాబు పొడుగ్గా వస్తే, పిల్లలు ఒకటో తరగతికి తయారవుతున్నట్టే.